గ్రీన్ కార్డు వరుసలో మన బిడ్డలు



2025లో ఒక ఆదివారం ఆరాధన ముగిసింది. సంఘస్థులంతా వందనాలు చెప్పుకొని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన మాత్రం మందిరపు వరండాలో చెప్పులు వేసుకోకుండా అలాగే నిలబడి ఉన్నారు. ఆయన మా సంఘపు పెద్ద. ఉయ్యూరు దగ్గర మూడెకరాల మాగాణి సాగుచేసి ఇద్దరు పిల్లలను చదివించిన మనిషి. పెద్ద కుమారుడు అమెరికాలో కంప్యూటరు ఇంజనీరు.

"అయ్యగారూ, అబ్బాయి ఫోను చేశాడండి. వాడి వంతు వచ్చిందంట. గ్రీన్ కార్డుకి బాప్తిస్మ పత్రం ఒకటి కావాలన్నాడు."

సంతోషంతో లోపలికి పిలిచి, బీరువాలోని పాత బాప్తిస్మ రిజిస్టరు తీశాను. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తిన్న పుస్తకం అది. 1983 సెప్టెంబరు 18, ఆదివారం నాటి వరుసలో ఆ బిడ్డ పేరు కనిపించింది. అప్పటి అయ్యగారు గుండ్రని అక్షరాలతో పుట్టిన తేదీ కూడా వ్రాశారు: 1983 ఆగస్టు 16. పెద్దాయన తల వంచుకున్నారు.

"బడిలో ఒకటో జూన్ అని వేయించానండి. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే వయస్సు చాలదన్నారు మేష్టారు. పదో తరగతి సర్టిఫికెట్టులోనూ, పాస్‌పోర్టులోనూ అదే తేదీ. మీరు కూడా ఒకటో జూన్ అని వ్రాసిచ్చేయండి. ఈ పుస్తకం ఎవరు చూడొచ్చారండి?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో దాచకుండా చెబుతాను. మా మందిరానికి స్లాబు పడింది ఆ కుమారుడు పంపిన డబ్బుతోనే. నా చిన్న కుమార్తె కాలేజీ ఫీజు కట్టలేక ఇబ్బందిపడిన ఏడు, అడగకుండానే డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది ఈ పెద్దాయనే. కలం నా చేతిలోనే ఉన్నది. వ్రాయవలసింది రెండే మాటలు.

"రేపు రండి బాబాయిగారూ" అని పంపించాను. ఆ రాత్రి ఆ కుమారునితో గంటసేపు ఫోనులో మాట్లాడాను. ఈ గ్రీన్ కార్డు సంగతి అంతవరకు నాకూ సరిగా తెలియదు. ఆ తరువాత దాని గురించి చదివాను, తెలిసినవారిని అడిగాను. మన డెల్టాలో అమెరికాలో బిడ్డలున్న ఇళ్ళు ఎన్నో ఉన్నవి. ఆ తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఆ సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాను.

మూడు మెట్లు

గ్రీన్ కార్డు అంటే అమెరికా దేశంలో శాశ్వతంగా నివసించి పనిచేసుకొనే హక్కుకు గుర్తు. అది పౌరసత్వం కాదు. పౌరసత్వం అడగాలంటే సాధారణంగా ఆ కార్డు వచ్చిన తరువాత మరో ఐదు సంవత్సరాలు గడవాలి.

మన బిడ్డలలో ఎక్కువమంది హెచ్-1బి అనే తాత్కాలిక వీసా మీద ఉద్యోగం చేస్తారు. అది మూడేళ్ళకు ఇచ్చి, మరో మూడేళ్ళు పొడిగిస్తారు. ఆరేళ్ళు దాటి ఉండాలంటే గ్రీన్ కార్డు పని మొదలై ఉండాలి. అందులో మూడు మెట్లున్నవి.

మొదటిది కార్మిక శాఖ మెట్టు. ఈ ఉద్యోగానికి తగిన అమెరికా మనిషి దొరకలేదని యజమాని రుజువు చేయాలి. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం ఎంతో ప్రభుత్వం చేత నిర్ణయింపజేసుకోవాలి. ఇంజనీరు వంటి ఉద్యోగమైతే రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయాలి, ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో 30 రోజులు ఖాళీని చూపాలి. వచ్చిన దరఖాస్తులను నిజాయితీగా పరిశీలించాలి. 2005 నుండి ఈ పద్ధతిని పెర్మ్ అంటున్నారు.

రెండవది పిటిషన్. దాని పేరు ఐ-140. ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. సాధారణంగా ఈ పిటిషన్ వేసేది మన బిడ్డ కాదు, అతని యజమాని. "ఈ మనిషి నాకు కావాలి, చెప్పిన జీతం ఇచ్చే స్తోమత నాకున్నది, ఇతనికి తగిన చదువూ అనుభవమూ ఉన్నవి" అని యజమాని కాగితాలతో చూపించాలి. గొప్ప ప్రతిభ చూపినవారు, దేశానికి మేలు చేసే పనిలో ఉన్నవారు తామే వేసుకొనే వీలున్నది గాని, అటువంటివారు కొద్దిమంది.

మూడవది ఐ-485. ఇది బిడ్డ స్వయంగా వేసుకొనే దరఖాస్తు. వైద్య పరీక్ష, వేలిముద్రలు, పుట్టుక పత్రం, పెళ్ళి పత్రం, అన్నీ ఈ మెట్టు మీదనే అడుగుతారు. అయితే వంతు వచ్చినదాకా ఈ మెట్టు ఎక్కనివ్వరు. పెద్దాయన కుమారునికి మొదటి మెట్టు దరఖాస్తు పడింది 2012 చివరిలో. ఆ తేదీనే ప్రయారిటీ డేటు అంటారు, అనగా వరుసలో నిలబడిన రోజు. అతని వంతు వచ్చినది 2025లో. యాకోబు లాబాను ఇంట కుమార్తెల కొరకు 14 సంవత్సరాలు కొలువు చేసిన సంగతి మనకు తెలుసు. ఈ అబ్బాయి కొలువు అందుకు ఒక్క సంవత్సరమే తక్కువ.

తూము చిన్నది, ఆయకట్టు పెద్దది

పదమూడు సంవత్సరాలు ఎందుకు పట్టింది? బిడ్డలో లోపమా? వకీలు అశ్రద్ధా? మన ప్రార్థనలో కొరతా? ఇవేవీ కావు. మన కాలువ నీటి సంగతి తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది.

ప్రకాశం బ్యారేజి దగ్గర నీరు వదిలితే అది కాలువల వెంట పోయి, లాకులు దాటి, చివరకు నాగాయలంక, కోడూరు పొలాలకు చేరాలి. నీరు తక్కువైన ఏడు చివరి రైతు నారుమడి ఎండుతూ ఉంటే గట్టు మీద కూర్చొని ఎదురుచూస్తాడు. అతని సేద్యంలో తప్పేమీ లేదు, అతని పొలం కాలువ చివర ఉన్నది, అంతే.

ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు సంవత్సరానికి సుమారు 1,40,000 అని అమెరికా 1990లో చట్టం చేసింది. భార్యకూ పిల్లలకూ ఇచ్చేవి కూడా ఈ లెక్కలోనే పోతాయి గనుక పనివారికి దొరికేవి అందులో కొంత భాగమే. ఆ నీటిని ఐదు పాయలుగా పంచారు. మొదటి తరగతి అసాధారణ ప్రతిభ కలవారికి, పేరున్న ఆచార్యులకు, పెద్ద కంపెనీల మేనేజర్లకు. రెండవది పై చదువులవారికి. మూడవది డిగ్రీ చదివినవారికి, చేతిపని నేర్చినవారికి. నాల్గవదానిలో మత సేవకులు మొదలైనవారు. ఐదవది పెట్టుబడి పెట్టేవారికి.

ఆపైన ఒక నియమమున్నది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా మొత్తంలో 7 శాతం మించకూడదు. అంటే ప్రతి ఊరికీ ఒకే కొలత తూము అన్నమాట. పది ఎకరాల ఊరికీ అదే తూము, పదివేల ఎకరాల ఊరికీ అదే తూము. వేరే ఊళ్ళు వాడుకోని నీరు మిగిలితే మనవైపు వదులుతారు గాని, అది ఏటా ఒకేలాగు రాదు. కేటో ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం ఉద్యోగ తరగతుల వరుసలో సుమారు 18 లక్షలమంది ఉండగా, వారిలో 11 లక్షలమంది భారతీయులు.

ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. మన బిడ్డ మధ్యలో కెనడా పౌరుడైనా భారతదేశపు వరుసలోనే నిలబడతాడు. భార్యగాని భర్తగాని వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు వరుసలో నిలబడే వీలున్నది.

వంతు ఎవరిదాకా వచ్చిందో చెప్పేందుకు అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ ప్రకటిస్తుంది. 2025 వేసవి నెలల బులెటిన్లలో భారతీయుల రెండవ తరగతి తేదీ 2013 జనవరి 1 దగ్గర ఆగి ఉన్నది. ఆ తేదీ కొన్నిసార్లు ముందుకు నడుస్తుంది, కొన్నిసార్లు నిలిచిపోతుంది, ఒక్కొక్కప్పుడు వెనక్కి కూడా పోతుంది. "వచ్చే ఏడు వచ్చేస్తుంది నాన్నా" అని బిడ్డ చెప్పి, ఆ ఏడు రాకపోతే అతడు అబద్ధమాడినట్లు కాదు.

మనకంటే ముందు వేచినవారు

ఈ ఎదురుచూపు కొత్తదేమీ కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో అమెరికా చేరి, ఎందరి ప్రాణాలనో నిలిపిన మందుల పరిశోధనకు నాయకత్వం వహించారు. మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి బిళ్ళలు పంచుతారే, ఆ డి.ఇ.సి. మందు ఆయన నడిపిన పరిశోధనశాల నుండి వచ్చినదే. అయితే 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారి ఆ తలుపు తెరుచుకున్నది గాని, భారతీయులకు వలస కోటా సంవత్సరానికి 100 మంది మాత్రమే. సుబ్బారావు గారు 1948లో పౌరసత్వం లేకుండానే అక్కడ కన్నుమూశారు. 1965లో వచ్చిన చట్టం ఆ పాత కోటాలను తీసివేసి, తూర్పు అర్ధగోళపు దేశాలన్నిటికీ ఒకే కొలత పెట్టింది. ఆనాడు న్యాయంగా తోచిన కొలతే నేడు మనవారికి ఇరుకైనది.

2007 జూలై నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ నెల బులెటిన్‌లో దాదాపు అన్ని ఉద్యోగ తరగతులకూ వంతు వచ్చిందని ప్రకటించారు. వేలమంది పనులు మానుకొని, వైద్య పరీక్షలు చేయించుకొని, కాగితాలు సిద్ధపరచుకున్నారు. జూలై 2న అది చెల్లదని వెనక్కి తీసుకున్నారు. మన భారతీయులు గొడవకు దిగలేదు. గాంధీగారి మార్గమని చెప్పి, ఆ ఇమ్మిగ్రేషన్ కార్యాలయపు అధిపతికి పూలగుత్తులు పంపారు. వందలకొద్దీ వచ్చిన ఆ పూలను ఆయన సైనికుల ఆసుపత్రికి పంపించారు. జూలై 17న ప్రభుత్వం మనస్సు మార్చుకొని, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకుంటామన్నది.

వేచియుండుటలోని బరువు

బయటనుండి చూసేవారికి డాలర్లు కనబడతాయి. లోపలి భయం కనబడదు.

హెచ్-1బి మీద ఉన్నవాని ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఈలోగా వేరే యజమాని దొరకాలి, లేక వేరే దారి చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. ఇల్లు, పిల్లల బడి, అప్పులు, అన్నీ ఆ 60 రోజుల మీద వ్రేలాడుతుంటాయి.

భార్య సంగతి ఇంకా కష్టం. ఆమె అక్కడ ఉండగలిగేది భర్త వీసాను బట్టి. ఐ-140 ఆమోదం పొందినవారి భార్యలు పనిచేసుకొనేందుకు 2015 నుండి అనుమతి ఇస్తున్నారు గాని, దానికీ ఆధారం భర్త కాగితమే. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేత పట్టణంలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక ద్వేషి కాల్చి చంపాడు. ఆ వార్త చదివి మనమందరం దుఃఖించాము. అయితే ఆయన భార్య దుమాల సునయన భర్తతోపాటు ఆ దేశంలో ఉండే హక్కును కూడా అదే రాత్రి పోగొట్టుకున్నారని ఎందరికి తెలుసు? అంత్యక్రియలకు ఇంటికి వచ్చిన ఆమె తిరిగి వెళ్ళగలరో లేదో తెలియని స్థితి. కెవిన్ యోడర్ అనే ప్రజాప్రతినిధి పూనుకొనగా ఆమెకు తాత్కాలిక అనుమతి దొరికింది. వరుసలో ఉన్న ప్రతి ఇంటి ఇల్లాలు ఆ వార్తలో తన్నుతాను చూసుకున్నది.

ఇక పిల్లలు. ఇక్కడ పుట్టి, చంటితనంలో అక్కడికి వెళ్ళిన బిడ్డకు 21 సంవత్సరాలు నిండితే తండ్రి దరఖాస్తులో చోటు పోవచ్చు. 2002లో చేసిన ఒక చట్టం వయస్సు లెక్కలో కొంత ఊరట ఇచ్చింది గాని, అది అందరినీ కాపాడలేదు.

మా పెద్దాయన భార్య నన్ను అడుగుతూ ఉండేది: "నాలుగేళ్ళాయె అయ్యగారూ, వాడికి మేము అక్కర్లేదా?" ఆ రాత్రి ఫోనులో కుమారుడు చెప్పాడు. ఇండియా వస్తే వీసా ముద్ర మళ్ళీ వేయించుకోవాలి. ఆ ముద్ర ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వరుస చిక్కులో పడుతుంది. "అమ్మకు ఇది చెబితే భయపడుతుందని సెలవు దొరకలేదని చెబుతున్నానండి" అన్నాడు. తల్లిని భయపెట్టకూడదని అతడు ఆడిన ఆ చిన్న అబద్ధమే తల్లి గుండెలో ముల్లయింది.

నర్సు బిడ్డలు, సేవకులు

మన సంఘాలలో నర్సింగు చదివిన ఆడబిడ్డలు ఎక్కువ గనుక వారికొక మాట. నర్సుల కొరత ఉన్నదని అమెరికా కార్మిక శాఖ ముందే ఒప్పుకొన్నది గనుక, రిజిస్టర్డ్ నర్సుకు మొదటి మెట్టులోని ప్రకటనల పరీక్ష లేదు. ఆసుపత్రివారు నేరుగా ఐ-140 వేయవచ్చు. అందుకు నర్సుల అర్హత పరీక్ష ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణురాలై ఉండటమో, అక్కడి లైసెన్సో, సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. పత్రమో ఉండాలి. వీసాకు ముందు ఇంగ్లీషు పరీక్ష, చదువు పరిశీలన కూడా ఉంటాయి. అయితే మొదటి మెట్టు తప్పినా వరుస తప్పదు. వారు నిలబడేది సాధారణంగా మూడవ తరగతి వరుసలోనే.

"పాస్టరు వీసా ఇప్పిస్తాము, లక్షలు కట్టండి" అని మన ప్రాంతంలో తిరిగేవారున్నారు. నా తోటి సేవకులారా, జాగ్రత్త. మత సేవకుల తరగతి నిజంగానే ఉన్నది. దానికి అక్కడి సంఘమే పిటిషన్ వేయాలి. అభ్యర్థి కనీసం రెండు సంవత్సరాలుగా అదే శాఖ సభ్యుడై, ఆ రెండేళ్ళూ సేవలో ఉండాలి. అధికారులు ఆ మందిరాన్ని స్వయంగా వచ్చి చూడవచ్చు. లేని సంఘం పేరు మీద వెళ్ళినవాడు అక్కడ ఏ ముఖంతో ప్రసంగిస్తాడు?

రిజిస్టరులోని తేదీ

మరునాడు ప్రొద్దున్నే పెద్దాయన వచ్చారు. రిజిస్టరు బల్ల మీద పెట్టి చెప్పాను.

"బాబాయిగారూ, ఉన్న తేదీయే వ్రాసిస్తాను. వేరేది వ్రాయలేను."

ఆయన ముఖం మాడిపోయింది. "పదమూడేళ్ళు ఆగాడండి వాడు. మీ ఒక్క సంతకం దగ్గర ఆగిపోవాలా?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నెమ్మదిగా విషయం వివరించాను. ముఖ్యమైన సంగతిలో తెలిసి తప్పుడు పత్రం పెట్టినట్లు తేలితే, ఆ దేశపు ద్వారం జీవితాంతం మూసుకుపోవచ్చు. పదమూడేళ్ళ ఎదురుచూపు ఒక్క గీతతో కొట్టుకుపోతుంది. సరైన తేదీ చెప్పి, తేడా ఎందుకు వచ్చిందో వివరిస్తే దానికి దారి ఉన్నది. బడిలో వేసిన తేదీ వేరు, పుట్టిన తేదీ వేరు కావటం మన పల్లెలలో ఎంతమందికి లేదు?

ఆ దారి ఏమిటో అందరికీ పనికివస్తుంది గనుక వ్రాస్తున్నాను. మన దేశంలో జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది. కాని పల్లెలలో మంత్రసాని చేతిలో పుట్టిన బిడ్డలను చాలాకాలం ఎవరూ వ్రాయించలేదు. అటువంటివారు ముందుగా పంచాయతీ లేక మునిసిపాలిటీ నుండి "ఈ పుట్టుక మా రిజిస్టరులో లేదు" అనే పత్రం తీసుకోవాలి. దానికి తోడు బాప్తిస్మ పత్రం, బడి రికార్డు వంటివి పెట్టాలి. పుట్టిన రెండు నెలలలోపు ఇచ్చిన బాప్తిస్మానికి సంఘ రికార్డు ఉంటే దానికి మంచి విలువ ఉన్నది. ఆ పుట్టుక స్వయంగా ఎరిగిన ఇద్దరు ప్రమాణ పత్రాలు వ్రాసివ్వాలి. తల్లిదండ్రులు కూడా ఇవ్వవచ్చు. ఇప్పుడు ఆలస్యంగా రిజిస్టరు చేయించుకోవచ్చు గాని, ఎన్నో ఏళ్ళ తరువాత పుట్టించిన పత్రాన్ని అక్కడివారు అనుమానంగా చూస్తారు. అందుకే పాత కాగితానికి అంత బలం.

1983లో ఆ అయ్యగారు ఆ నాలుగు అక్షరాలు వ్రాసినప్పుడు అవి ఏడు సముద్రాలు దాటి ఒక అధికారి బల్ల మీద సాక్ష్యం చెబుతాయని అనుకున్నారా? ఆయన తన పని నమ్మకంగా చేశారు. అంతే. ఇవాళ నేను ఆ తేదీని మారిస్తే, నా అబద్ధంతోపాటు ఆయన సత్యం కూడా పాడవుతుంది. ఆ పుస్తకంలో ఉన్న మిగతా బిడ్డలందరి సాక్ష్యం కూడా చెడిపోతుంది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "ఆ రోజు వాన అండి. మంత్రసానిని పడవ మీద తీసుకొచ్చాను. పదహారో తేదీయే." ఆ మాటలే ప్రమాణ పత్రంలోకి వెళ్ళాయి. బడిలో తేదీ ఎందుకు మార్చారో కూడా దాచకుండా వ్రాసి సంతకం చేశారు. తల్లి వేరుగా తన పత్రం ఇచ్చింది. నేను రిజిస్టరు నకలు ఇచ్చాను. అన్నీ వకీలుకు చేరాయి. ఇది వ్రాసేనాటికి తుది కబురు రాలేదు. మరికొన్ని రుజువులు అడిగారని, పంపారని తెలిసింది.

కుటుంబాలకు కొన్ని మాటలు

ఇంటి దగ్గర మనం చేయగలిగినవి కొన్ని ఉన్నవి.

బిడ్డ పుట్టిన 21 రోజులలోపు పుట్టుక వ్రాయించండి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా, ప్రభుత్వ ఉద్యోగంలో చేరాలన్నా పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. బాప్తిస్మ పేరు ఒకటి, బడి పేరు ఒకటి, పిలుపు పేరు ఒకటి పెట్టకండి. ఇంటిపేరు అక్షరాలు అన్నిటిలో ఒకేలాగు ఉన్నవో చూడండి.

అమెరికాలో ఉన్న బిడ్డ తన ఐ-140 ఆమోదపు కాగితం నకలు దాచుకోవాలని చెప్పండి. ఉద్యోగం మారితే కొత్త యజమాని మళ్ళీ మొదటి మెట్టు నుండి ఎక్కవలసి రావచ్చు గాని, ఆమోదం పొందిన పిటిషన్ ఉంటే వరుసలో నిలబడిన పాత తేదీ సాధారణంగా పోదు. మొదటి మెట్టు ఖర్చు యజమానే భరించాలని 2007 నుండి నియమమున్నది. ఆ ఖర్చు ఉద్యోగిని కట్టమనే యజమాని చట్టం తప్పుతున్నాడు. మూడవ మెట్టు దరఖాస్తు వేసినవారు ప్రయాణానికి ముందు వకీలును తప్పక అడగాలి. అనుమతి లేకుండా బయలుదేరితే కొందరికి ఆ దరఖాస్తే రద్దవుతుంది. రుసుములు, నియమాలు తరచుగా మారుతుంటాయి గనుక ఊరిలో ఎవరో చెప్పిన మాట మీద ఏ అడుగూ వేయవద్దు.

సంబంధాలు చూసేటప్పుడు "గ్రీన్ కార్డు ఉన్నదా?" అని మొదట అడిగే అలవాటు మన మధ్యకూ వచ్చింది. పెండ్లి కుమారుని గుణమూ భక్తీ అడిగిన తరువాత ఆ ప్రశ్న వేయండి. వరుసలో ఉన్నాడంటే చెడ్డవాడని కాదు, వచ్చిందంటే మంచివాడనీ కాదు. అయితే పిల్లకు మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పండి. రేపు అక్కడ ఆమె పని చేసుకోగలదో లేదో, ఇంటికి ఎప్పుడు రాగలదో తెలిసి ఒప్పుకోవాలి గాని, విమానం దిగిన తరువాత తెలుసుకోకూడదు.

అన్నిటికంటె ముఖ్యం, ఇంటికీ బిడ్డకూ మధ్య నిజం మాట్లాడుకోండి. బిడ్డలారా, భయపడతారని అమ్మానాన్నల దగ్గర దాచకండి. కాలువ నీటి కొరకు జీవితమంతా ఎదురుచూసిన రైతులు వారు, వంతు అంటే ఏమిటో మీకంటే వారికే బాగా తెలుసు. తల్లిదండ్రులారా, ఎదుటి ఇంటివాని కుమారునికి కార్డు వచ్చిందని మీ కుమారుని నిలదీయకండి. మొదటి తరగతివాని వరుస వేరు, వేరే దేశంలో పుట్టిన భార్య ఉన్నవాని వరుస వేరు.

నెల తరువాత ఒక సాయంకాలం పెద్దాయన ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. తల్లి ఫోను పట్టుకొని మంచం మీద కూర్చొని కుమారునితో మాట్లాడుతున్నది. "రాకపోయినా పర్లేదురా. ఎందుకు రాలేవో చెప్పావు, అది చాలు. ఆ ముద్రో ఏదో పడ్డాకే రా" అంటున్నది. పెద్దాయన నా దగ్గరకు వచ్చి చెవిలో చెప్పినట్లు అన్నారు: "నలభై ఏళ్ళ తర్వాత వాడి అసలు పుట్టినరోజుకి పాయసం వండిందండి మొన్న, ఆగస్టు పదహారున."

వేచియున్న ప్రతి ఇంటినీ ప్రభువు ఆదరించును గాక.